టికాండెరోగా క్రూయిజర్‌లో 122 అరల సంగతి

ప్రశ్న: అమెరికా నేవీ టికాండెరోగా తరగతి క్రూయిజర్‌లో 122 మిసైల్ అరలు ఉంటాయట. అంటే 122 మిసైళ్లేనా? అయిపోతే నడిసముద్రంలో మళ్లీ నింపుకోవచ్చా? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అరలు 122, మిసైళ్లు అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. దూరాన నేల మీది లక్ష్యాలను కొట్టే టోమహాక్, విమానాలను కూల్చే ఎస్ఎం-2, జలాంతర్గాముల మీదికి వదిలే ఆస్రాక్ అరకు ఒక్కటే. ఓడ మీదికి దూసుకొచ్చే మిసైళ్లను కూల్చే, రెక్కలు మడుచుకునే చిన్న మిసైల్ ఈఎస్ఎస్ఎం అయితే ఒక్క అరలో నాలుగు ఇముడుతాయి. దేన్ని ఎన్ని వేసుకోవాలో రేవు వదలకముందే తేల్చుకోవాలి.

లాంచర్లు ముందొకటి, వెనకొకటి. ఒక్కోదానిలో 8 అరల పెట్టెలు 8. లెక్కకు 64 రావాలి గానీ, మూడు అరల చోటు క్రేన్‌కు పోయి 61 మిగిలాయి. ఆ క్రేన్ పెట్టిందే సముద్రంలో నింపుకోవడానికి. పని జరగలేదు. టోమహాక్ బరువు దాని తాహతుకు మించింది. పైగా మిసైల్ ఉండే, ఆరు మీటర్ల పైచిలుకు పొడవున్న డబ్బాను, ఊగే ఓడ మీద, ఇరుకు అరలోకి నిటారుగా దించాలి. కాస్త ఊగినా గోడకు కొట్టుకుంటుంది. అందుకే రేవుకొచ్చి నింపుకోవడమే ఆనవాయితీ. 2024 అక్టోబరులో శాన్ డియాగో దగ్గర ఈ తరగతికే చెందిన చోసిన్ మీద కొత్త యంత్రంతో సముద్రంలో నింపి చూశారు, అదీ ఖాళీ డబ్బాతో.

కట్టిన 27 ఓడల్లో మొదటి ఐదింటికి ఈ అరలే లేవు, వాటివి రెండు చేతుల లాంచర్లు. బంకర్ హిల్ నుంచే 122.

ప్రశ్న: ఇంత ఆయుధబలం ఉన్నా ఎందుకు తీసేస్తున్నారు? ఓడలకు పగుళ్లు వస్తున్నాయన్న మాట నిజమేనా?

జవాబు: నిజమే. అడుగుభాగం అంతకుముందటి స్ప్రూయన్స్ తరగతి డిస్ట్రాయర్ల నమూనాలో కట్టిన ఉక్కు. దానిపై, వచ్చే విమానాలను, మిసైళ్లను కనిపెట్టే ఏజిస్ వ్యవస్థ రాడార్ బరువు పెట్టేసరికి, పైకట్టడాన్ని (డెక్ మీద లేచే భాగాన్ని) తేలిక చేయడానికి 5456 రకం అల్యూమినియం వాడారు. అందులో మెగ్నీషియం సుమారు 5 శాతం. ఏళ్ల తరబడి ఎండకు కాగితే ఆ మెగ్నీషియం లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. ఉప్పునీరు ముందు అక్కడే తినేస్తుంది, అలలకు ఓడ వంగినప్పుడు అక్కడే చీలుతుంది. చీలిన చోట వెల్డింగ్ చేస్తే సరిపోదు. చుట్టూ ఉన్న రేకు కూడా అలాగే చెడి ఉంటే వెల్డింగ్ పక్కనే కొత్త చీలిక పుడుతుంది. కనుక రేకును పరీక్షించి, చెడినంత మేరా కోసి మార్చాలి.

ఇలా పగిలినంత మాత్రాన ఓడ మునగదు, ఖర్చే మునుగుతుంది! పాతబడిన పైపులు, ట్యాంకుల మరమ్మతులు దీనికి అదనం. తర్వాత వచ్చిన ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్లకు పైకట్టడం కూడా ఉక్కుతోనే చేశారు.