పగడపు దిబ్బల చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. సముద్రంలో పగడపు దిబ్బలను బతికించే పని నేర్చుకుంటుందట. వేడికి, రోగాలకు ఆ దిబ్బలే నశిస్తున్నాయని పత్రికలో చదివాను. పోయేవాటి గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. అందులోనూ అమెరికాలోని ఫ్లోరిడా పరిస్థితి మరీ ఘోరం. 2014లో మయామీ దగ్గర ఒక రోగం బయటపడింది. పగడాలు రాళ్లలా కనిపించినా జీవులే; ఆ రోగం సోకితే గట్టి పగడాల మీది కణజాలం ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం మిగులుతుంది. అది చాలదన్నట్టు 2023 వేసవిలో నీళ్లు కాగిపోయి, నర్సరీల్లో పెంచి ఏళ్ల తరబడి నాటుతూ వచ్చిన కొమ్మ పగడాలు చాలావరకు చనిపోయాయి.

అయినా అక్కడ పని ఆగలేదు. రోగం సోకిన పగడాలకు అమాక్సిసిలిన్ కలిపిన పేస్టు పూస్తున్నారు. అవును, మన మందుల దుకాణంలో దొరికే అమాక్సిసిలినే. రోగం ఇంకా చేరని చోట్ల నుంచి పగడాలను తీసి అమెరికా అంతటా అక్వేరియంలలో భద్రపరిచారు. అంతరించే దశకు చేరిన స్తంభ పగడం 2019లో ఫ్లోరిడా అక్వేరియం ప్రయోగశాలలో గుడ్లు విడిచింది. రోగకారకాలను అడ్డుకునే మేలైన బాక్టీరియాను కూడా పరీక్షిస్తున్నారు. వేడిని తట్టుకునే పగడాలను ఎంచి సంకరపరిచే ప్రయత్నాలు ఆస్ట్రేలియాలో సాగుతున్నాయి. భూతాపం తగ్గకపోతే ఇవన్నీ కొంత గడువు సంపాదించడమే, దాచను. కానీ ఆ గడువు సంపాదించేవాళ్లు ఎవరో చూడండి: సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, జన్యుశాస్త్రజ్ఞులు, పశువైద్యులు, గణాంకాలు తెలిసినవాళ్లు. దిబ్బ దక్కినా దక్కకపోయినా ఆ విద్యలకు గిరాకీ ఉంటుంది.

మన దేశంలోనూ ఈ పని ఉంది. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడికి చెందిన సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచి పగడపు ముక్కలు నాటుతోంది. గుజరాత్‌లోని మిఠాపూర్ దగ్గర ఇనుప చట్రానికి స్వల్ప విద్యుత్తు పంపి దానిమీద పగడాలు పెంచే పద్ధతిని 2020లో మొదలుపెట్టారు. సముద్రం లేని హైదరాబాద్‌లోనూ దారి ఉంది. అక్కడి ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రతలను బట్టి, వేడికి పగడాలు రంగు కోల్పోయి తెల్లబారే ముప్పును ముందుగా హెచ్చరిస్తుంది.

ఇప్పుడే పగడాలకు మాత్రమే పరిమితమయ్యే కోర్సు వెతకకండి. ఈఏపీసెట్ రాసి బీఎఫ్ఎస్‌సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ), లేదా జంతుశాస్త్రమో మైక్రోబయాలజీయో ప్రధానంగా బీఎస్సీ చేయించండి. మీ జిల్లాల్లో రొయ్యల హేచరీలున్నాయి కాబట్టి నా మొగ్గు బీఎఫ్ఎస్‌సీకే. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీకి పుదుచ్చేరి విశ్వవిద్యాలయం వారి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) కేంద్రం బాగుంటుంది, దిబ్బలు అక్కడే ఉన్నాయి. అన్నామలై విశ్వవిద్యాలయం వారి పరంగిపేట కేంద్రం కూడా మంచిదే.

జీతం సంగతి. మొదట్లో ప్రాజెక్టు ఫెలోగా ఒప్పందం మీదే పని దొరుకుతుంది, ప్రాజెక్టు ముగిస్తే మరొకటి వెతుక్కోవాలి. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, వాటిలో చాలావాటికి పీహెచ్‌డీ కావాలి. ఈ విషయం అమ్మాయికి ముందే చెప్పండి. విని కూడా మనసు మార్చుకోకపోతే అడ్డుచెప్పకండి.

మీ అమ్మాయికి ఈత వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే పరీక్షలు కాగానే నేర్పించండి, స్కూబా శిక్షణ సంగతి డిగ్రీలో చూసుకోవచ్చు.