ఆ నీలం కారు కొనుక్కోరా

చి. కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మొదటి జీతం వచ్చింది, టోక్యోలోని నకానోలో పాత బొమ్మల కొట్లకు వెళ్తున్నాను, ట్రాన్స్‌ఫార్మర్స్ అనే కార్లూ అవీగా మారే రోబో బొమ్మల్లో ఏది కొనమంటావు అని మెసేజ్ పెట్టావు. ఫోన్ చేస్తే రైల్లో ఉన్నాను, ఇక్కడ రైల్లో మాట్లాడితే అందరూ అదోలా చూస్తారు అని పెట్టేశావు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు. నిషి-కసాయ్ నుంచి నకానోకి తోజాయ్ లైన్‌లో మారకుండా పోవచ్చన్నావుగా, ఆ ప్రయాణంలో చదివేయొచ్చు.

నీ ఫ్రెండ్సంతా వాళ్ళ నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ను కొనమంటున్నారట. కొనొద్దని చెప్పను. అయితే వాడి బొమ్మలు లెక్కలేనన్ని, కథలు అంతకన్నా ఎక్కువ. ఎంత కొన్నా, ఎంత చదివినా ఇంకా మిగిలే ఉంటాయి. మొదటిసారి కొనేవాడు చిన్న వేషం వేసినవాణ్ణి ఎంచుకోవాలి. వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ రెండు మూడు నెలల్లో తెలుసుకోవచ్చు, బొమ్మ చేతిలో పెట్టుకుని ఏ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పొచ్చు. నా మాట వింటే స్కిడ్స్‌ను కొను. నీలం రంగు బుల్లి కారు.

ఎవడా స్కిడ్స్ అంటావని తెలుసు. 1985లో వచ్చిన ఆటోబాట్, అంటే కథలో మంచి పక్షం రోబో. కార్టూన్‌లో ఏ కొద్ది ఎపిసోడ్లలోనో కనిపిస్తాడు, అప్పుడు కూడా నోరు విప్పేది తక్కువ. పెళ్ళి ఫోటోలో వెనక వరసలో సగం మొహం కనిపించే చుట్టం లాంటివాడు. నాకు వాడితో పరిచయం 1986లో. కంపెనీ ట్రైనింగ్‌కు ఒసాకా పంపింది. మీ బావ శ్రీనుకి అప్పుడు నాలుగేళ్ళు, వాడి కోసం కారు బొమ్మ కొందామని ఒక పెద్ద స్టోర్‌కు వెళ్ళాను. వాడి కోసమన్నానే గానీ, హోటల్ గదిలో రాత్రంతా ఆడింది నేనే. బాలానగర్‌లో అచ్చులు చేసే పని మనది. ఇంత చిన్న వస్తువులో ఇన్ని కీళ్ళు ఎలా కూర్చారా అని విప్పి చూడకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెబుతాను. వీళ్ళ విషయంలో ముందు పుట్టింది బొమ్మ, కథ కాదు. నువ్వు కథ నుంచి మొదలుపెడితే సగం విషయాలు అర్థం కావు. జపాన్‌లో తకారా కంపెనీ డయాక్లోన్ అని ఒక వరస బొమ్మలు తెచ్చింది. అందులో 1982 నుంచి కార్ రోబోలు వచ్చాయి. వాటికి ప్రాణం లేదు, మనసు లేదు, ఒక్కోదానికి విడిగా పేరు కూడా లేదు. మూడు సెంటీమీటర్ల మనిషి బొమ్మ, కాళ్ళకు అయస్కాంతాలు, వాడే డ్రైవరు. వాడు ఎక్కి కూర్చుని వరుడర్ అనే పురుగుల్లాంటి శత్రువుల మీద యుద్ధానికి పోవాలి. ఆ వరసలోదే హోండా సిటీ టర్బో.

హోండా సిటీ అంటే నీకు మన రోడ్ల మీద తిరిగే పొడుగాటి సెడాన్ గుర్తొస్తుంది. అది మనకు 1998లో వచ్చింది. జపాన్‌లో 1981లో వచ్చిన అసలు సిటీ వేరు. మూడున్నర మీటర్లు కూడా లేని పొట్టి కారు, కానీ పైకప్పు ఎత్తు. డిక్కీలో పెట్టుకోవడానికి మోటోకాంపో అని మడిచే స్కూటర్ కూడా హోండావాళ్ళే చేశారు. మరుసటి ఏడాది టర్బో వచ్చింది. నకానో వెళ్ళే ముందు ఆ కారు ఫోటో ఒకటి ఫోన్‌లో పెట్టుకో. బొమ్మ పక్కన పెట్టి చూస్తే తకారావాళ్ళు ఎంత శ్రద్ధగా చేశారో తెలుస్తుంది. మిగతా హీరోలు పోర్షేలు, లంబోర్గినీలు. వీడొక్కడు ఆఫీసుకు పోయే గుమాస్తా కారు. అదే నాకు నచ్చింది.

అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ డయాక్లోన్ బొమ్మలనూ, తకారావాళ్ళదే మైక్రో చేంజ్ అనే ఇంకో వరసనూ కలిపి 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టింది. డ్రైవర్లను తీసేసి రోబోలకే ప్రాణం ఉందన్నారు. మార్వెల్ కామిక్స్‌లో పనిచేసే బాబ్ బుడియాన్‌స్కీ కూర్చుని చాలామందికి పేర్లు పెట్టి, గుణగణాలు రాశాడు. అచ్చులు మాత్రం పాతవే. అందుకే ఆ కార్లలో మనిషి కూర్చునే చోటు అలాగే మిగిలిపోయింది. మామూలు కొనుగోలుదారుడు దాన్ని పట్టించుకోడు, నువ్వు పట్టించుకో.

ఇక కొనే సంగతి. కొట్టులో అద్దాల బీరువాలో ఉంటుంది. "మిసెతే కుదసాయ్" అంటే చూపిస్తారు. బేరమాడకు, అక్కడ అది మర్యాద కాదు. పక్కన చీటీ మీద ఏమేం లేవో, ఎక్కడ విరిగిందో రాసి ఉంటుంది, చదవడం రాకపోతే ఫోన్‌తో అనువదించుకో. "హకో నషి" అంటే పెట్టె లేదని. పెట్టె కోసం డబ్బు తగలెయ్యకు. అట్ట ముక్కకు బొమ్మతో సమానంగా ధర పెడతారు. "జంక్" అని రాసి ఉంటే పని చేస్తుందన్న పూచీ లేదని అర్థం, అది నాలాంటివాళ్ళకు, నీకు కాదు. పేర్లు కూడా చూసుకో: జపాన్‌లో ఆప్టిమస్ పేరు కాన్వాయ్, జాజ్ పేరు మైస్టర్, బంబుల్‌బీ వట్టి బంబుల్. స్కిడ్స్ మాత్రం అక్కడా స్కిడ్సే, ఆ ఇబ్బంది లేదు.

చేతికి ఇచ్చాక మొదట మొహం చూడకు, కీళ్ళు చూడు. రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదుపు. వదులుగా వేలాడితే పర్లేదు, మనం సరిచేసుకోవచ్చు. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చెయ్యకు, నలభై ఏళ్ళ ప్లాస్టిక్ టప్పున విరుగుతుంది. పిన్ను గుచ్చిన చోట చుట్టూ తెల్లటి గీత ఉందేమో చూడు, ఉంటే పగులు మొదలైనట్టే. తర్వాత వెండి పూత. అంచుల దగ్గర పూత పోవడం సహజం, ఎవరో ఆడుకున్నారన్నమాట. నలభై ఏళ్ళ బొమ్మకు ఎక్కడా ఒక్క గీత లేకుండా మెరిసిపోతుంటే మాత్రం ఒక నిమిషం ఆగు. తకారావాళ్ళు తర్వాత్తర్వాత పాత బొమ్మలను మళ్ళీ అచ్చు వేశారు, స్కిడ్స్ కూడా అందులో ఉన్నాడు. అది తప్పేం కాదు. పాతది అని చెప్పి కొత్తది అమ్మితేనే తప్పు.

నాకు అలాగే జరిగింది. కొన్నేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర పాతదనే ధర పెట్టి తెప్పించాను. కారు పాతదే, దాంతో వచ్చే రోబో తుపాకులు కొత్తవి. అచ్చు పాతబడేకొద్దీ రెండు సగాలు కలిసే చోట సందు పెరిగి, ప్లాస్టిక్ పల్చటి అంచులా బయటికి పొడుచుకొస్తుంది. మా షాపులో దాన్ని ఫ్లాష్ అంటాం. కారు మీద ఆ గీత సన్నగా ఉంది, తుపాకీ మీద వేలికి గుచ్చుకుంటోంది. ఒకే ఏడాది సరుకు కాదని అప్పుడు తెలిసింది. జీవితమంతా అచ్చులు చేసినవాణ్ణి, ఫోటోల్లో ఆ గీత చూపించమని అడగలేదు. మీ అత్తయ్య ఇప్పటికీ గుర్తుచేస్తుంది. నువ్వు చేత్తో పట్టుకుని చూస్తావు కాబట్టి గోరుతో ఆ గీత వెంట ఒకసారి రాసి చూడు.

ఇంకొకటి. 1985 నుంచి వచ్చిన బొమ్మల మీద చిన్న చదరపు స్టిక్కర్ ఉంటుంది. బొటనవేలితో రుద్దితే వేడికి ఆటోబాట్ మొహమో, శత్రుపక్షం డిసెప్టికాన్ మొహమో పైకి తేలుతుంది. నకిలీలను పట్టుకోవడానికి పెట్టారు. ఇన్నేళ్ళకు చాలావాటిలో పనిచెయ్యడం మానేసింది, కాబట్టి మొహం కనిపించలేదని కొనడం మానకు. కొట్టువాడి ముందు గీకి గీకి స్టిక్కర్ చింపకు.

ఇంటికి తెచ్చాక ఎండ తగలనివ్వకు, ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. మన అమ్మలు చీరల్లో పెట్టినట్టు కలరా ఉండలు అస్సలు పెట్టకు. నేను బీరువాలో దాచిన బొమ్మల దగ్గర ఎవరో రెండు ఉండలు పడేశారు. ఎవరో చెప్పను, ఇంట్లో శాంతి ముఖ్యం. వానాకాలం తర్వాత తీసి చూస్తే ప్లాస్టిక్ పైన జిగురు రాసినట్టుంది, వేలిముద్రలు పడుతున్నాయి. ఆ వాసనే కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు చాలు.

బొమ్మ వచ్చాక కథలు చదువు. ముందు బుడియాన్‌స్కీ రాసిన గుణగణాలు. స్కిడ్స్ ఉద్యోగం సిద్ధాంతకర్త. భూమి మీద మనుషులను, బతుకును గమనిస్తూ ఆలోచనలో పడి దారిలో వస్తువులను గుద్దుకునే రకం. కారుగా మారేవాడికి అది ఎంత ప్రమాదమో ఆలోచించు! తర్వాత మార్వెల్ కామిక్ 20వ సంచిక, 1986 సెప్టెంబర్‌ది. అది వీడి కథ. సూపర్‌మార్కెట్‌లో క్యాషియర్‌గా చేసే చార్లీన్ అనే అమ్మాయి, దెబ్బతిని పడి ఉన్న వీణ్ణి మామూలు కారనుకుని చేరదీస్తుంది. వీడికి ఆ బతుకు బాగుంటుంది. యుద్ధం ఎందుకు, ఇలా మనుషుల మధ్య ఉండిపోతే పోలేదా అనిపిస్తుంది. మిగతావాళ్ళంతా పిడికిళ్ళు బిగించి అరుస్తుంటే, ఒక రోబో రాజీనామా చేద్దామనుకోవడం నేను ఇంకెక్కడా పెద్దగా చూడలేదు. డ్రైవరు సీటు ఖాళీ అయిన బొమ్మ పక్కన మళ్ళీ ఒక మనిషిని కూర్చోబెట్టాడు చూడు, అది బుడియాన్‌స్కీ కావాలని చేశాడో లేదో గానీ నాకు మాత్రం అలాగే తోస్తుంది.

ఆ తర్వాత సినిమా. 2009లో వచ్చిన రెండో సినిమాలో స్కిడ్స్ పేరు ఒక ఆకుపచ్చ కారుకు పెట్టారు, మడ్‌ఫ్లాప్ అని కవల తమ్ముడు కూడా. పాత స్కిడ్స్ చదువులరాయుడు. ఈ స్కిడ్స్‌కు సొంత గ్రహం లిపి కూడా చదవడం రాదు. నల్లజాతివాళ్ళను వెక్కిరించినట్టుందని ఆ ఇద్దరి మీద గట్టిగానే విమర్శలు వచ్చాయి, న్యాయమైన విమర్శలే. తర్వాతి సినిమాలో వాళ్ళు దాదాపు లేరు. ఇది చూడకపోయినా నష్టం లేదు. ఒక్క విషయం మాత్రం నీకు దగ్గరిది. ఆ ఆకుపచ్చ కారు షెవర్లే బీట్, అప్పటికింకా నమూనా కారు. 2010లో అదే పేరుతో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. మీ నాన్న కొన్న ఆకుపచ్చ బీట్ గుర్తుందా? 2017 చివర్లో షెవర్లే ఇక్కడ అమ్మకాలు ఆపేసినప్పుడు స్పేర్ పార్టుల కోసం మీ నాన్న పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. నువ్వు కాలేజీకి వెళ్ళింది స్కిడ్స్‌లోనే.

చివరికి 2012లో ఐడీడబ్ల్యూ ప్రచురణ సంస్థ మొదలుపెట్టిన కామిక్. రాసింది జేమ్స్ రాబర్ట్స్. ఇది మాత్రం తొందరపడకుండా చదువు, మొదటి సంచిక నుంచి వరసగా. అందులో రాడిమస్ అనే ఆటోబాట్ నాయకత్వంలో ఒక అంతరిక్ష నౌక బయల్దేరుతుంది, దారిలో స్కిడ్స్ వచ్చి చేరతాడు. ఏ విద్యనైనా ఇట్టే నేర్చేసుకుంటాడు, కానీ ఈమధ్య తనకేం జరిగిందో తనకే గుర్తులేదు. 1985 బొమ్మ పెట్టె అట్ట మీద రాసిన నాలుగు వాక్యాల నుంచి, ఇరవై ఏడేళ్ళ తర్వాత ఒకడు అంత పెద్ద మనిషిని... మనిషి అనేశాను, పోనీలే. ఏం మర్చిపోయాడో, గుర్తొచ్చాక ఏమైందో చెప్పను. చదివాక నువ్వే ఫోన్ చేస్తావు. రైలు దిగాకే చెయ్యి.

కొత్త బొమ్మలు కూడా ఉన్నాయి. 2014లో ఒకటి, 2022లో ఒకటి వచ్చాయి. కీళ్ళు బాగా తిరుగుతాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. డబ్బు సరిపోకపోతే 2022ది కొను, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ కొట్టులో పాతది ఒక్కసారి చేత్తో పట్టుకోకుండా నిర్ణయం తీసుకోకు. ఒక్కటే కొను. రెండోది చాలా చవగ్గా ఉంది మామయ్యా అని మెసేజ్ పెట్టకు, ఆ మాటతోనే మా బీరువా నిండింది.

కొన్నాక పోస్టులో పంపకు. సుంకాలు, కాగితాలు మనకెందుకు, సంక్రాంతికి వచ్చేటప్పుడు నువ్వే తీసుకురా. కారును మెత్తటి బట్టలో చుట్టి స్వెట్టర్ల మధ్య పెట్టు. తుపాకులు, క్షిపణులు విడిగా చిన్న జిప్ కవర్లో వేసి చెకిన్ బ్యాగులో పెట్టు. చేతి సంచిలో పెడితే స్కానర్ దగ్గర వాళ్ళకు నువ్వు డయాక్లోన్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాల్సి వస్తుంది. శ్రీను పోగొట్టిన నా క్షిపణి ఒకటి దొరికితే దానికి విడిగా డబ్బిస్తాను, అత్తయ్యకు చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య