అక్షరాలు నేర్పినందుకు వెలి

ప్రశ్న: అల్బేనియాలో సొంత భాష నేర్పినందుకు ఒక పంతులుగారిని చర్చివాళ్లే వెలివేశారని మాతృభాషా దినోత్సవం రోజు మా హెడ్మాస్టరు చెప్పారు. పాలించింది టర్కీ సుల్తాను కదా, మధ్యలో బిషప్‌కి ఏం పని? అక్కడ మార్చి 7న టీచర్స్ డే చేస్తారట, అది ఆయన పుట్టినరోజా?
– ఒక టీచరు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆయన పెట్రో నీని లువారసి. 1865లో దక్షిణ అల్బేనియాలోని కొలోన్యా ప్రాంతంలో పుట్టారు. బిషప్‌కి ఏం పని అన్నారు, అసలు సంగతంతా అక్కడే ఉంది. టర్కీ సుల్తాను ఏలే ఒట్టోమన్ రాజ్యంలో మనిషిని మతాన్ని బట్టే లెక్కగట్టేవాళ్లు. ముస్లిం అయితే టర్కీ భాష బడి, ఆర్థడాక్స్ క్రైస్తవుడైతే గ్రీకు చర్చి చేతిలో ఉండే గ్రీకు బడి. ఇద్దరూ ఇంట్లో మాట్లాడేది అల్బేనియనే, కానీ దానికి బడీ లేదు, అందరూ ఒప్పుకున్న లిపీ లేదు. ఇద్దరి పిల్లలూ ఒకేచోట కూర్చుని ఆ భాష చదువుకుంటే రేపు మేం టర్కులం కాదు, గ్రీకులమూ కాదు అంటారు. సుల్తానుకి ఎంత టెన్షనో గ్రీకు చర్చికీ అంతే.

లువారసి గ్రీకు బడిలోనే చదివారు. అక్కడ కోతో హోజీ అనే గురువు పిల్లలకి చాటుగా అల్బేనియన్ నేర్పేవారు, చివరికి ఆ గురువు ఇస్తాంబుల్ జైల్లోనే చనిపోయారు. శిష్యుడు ఆ పనినే కొలోన్యా పల్లెల్లో బళ్లు పెట్టి చేశారు. 1892లో కస్టోరియా (ఇప్పుడు గ్రీసులో ఉంది) బిషప్ ఫిలారెతోస్ ఆయన్ని మతం నుంచి వెలివేస్తూ ప్రకటన ఇచ్చాడు. ప్రొటెస్టెంట్ మతం వ్యాపింపజేస్తున్నాడని, అసలు అల్బేనియన్ అనే భాషే లేదని! ఇదేదో కాగితం మీది శిక్ష అనుకోకండి. ఆ పల్లెల్లో బిడ్డకి బాప్తిస్మం, పెళ్లి, చచ్చాక ప్రార్థన అన్నీ ఫాదరు చేతిలోనే, అలాంటిచోట వెలిపడ్డ పంతులు దగ్గరికి పిల్లల్ని పంపాలంటే తల్లిదండ్రులకి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. నా దృష్టిలో ఆ తల్లిదండ్రులూ ఆయనంత గొప్పవాళ్లే.

ఆయన ఆగలేదు. అల్బేనియన్ అక్షరాలకి చర్చి ఇలా పెట్టిన శాపానికి జవాబుగా ఒక పుస్తకమే రాశారు, 1911లో మొనాస్టిర్‌లో (ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని బిటోలా) అచ్చయింది. అదే ఏడాది ఆగస్టులో 46 ఏళ్లకే పోయారు. విషం పెట్టారని అల్బేనియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వాతంత్య్రం 1912 నవంబరులో వచ్చింది, ఆయన చూడలేదు. ఆయనొక్కరే కాదు, చర్చిలో అల్బేనియన్‌లో ప్రార్థన జరిపిన పాపా క్రిస్టో నెగోవానీ అనే ఫాదరుని 1905 ఫిబ్రవరిలో గ్రీకు సాయుధ ముఠా చంపేసింది.

ఇక మార్చి 7 ఆయన పుట్టినరోజు కాదు. 1887లో ఆ రోజున కొర్చా పట్నంలో మొదటి అల్బేనియన్ బడి తెరిచారు, లువారసి అక్కడా పాఠాలు చెప్పారు. ఆ బడిని 1902లో ప్రభుత్వం మూయించింది, టీచర్స్ డే మాత్రం ఆ తేదీనే జరుపుకుంటున్నారు.