తీసిస్‌కి ముందు నరం పట్టి చూడటం నేర్చుకో

అమ్మలూ,

నీ తీసిస్ కుష్ఠు మీదేనని, డాక్టరు మనిషిని చూసి చెప్పిన రకానికీ చర్మం ముక్క కోసి పరీక్షించే బయాప్సీలో తేలిన రకానికీ ఎంత పొంతన ఉందో తేలుస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఈ జబ్బు సర్వేల కోసం ఊరూరా సైకిల్ తొక్కినవాణ్ణి, మన ఇంటి పిల్ల దీన్నే ఎంచుకుందంటే నాకు గర్వం కాకుండా ఎలా ఉంటుంది? టెన్షన్ కూడా ఉంది. 2005 చివర్లో దేశంలో కేసులు పదివేల మందికి ఒకటి కంటే తగ్గాయని ప్రకటించాక, నరం తడిమి చూసే అలవాటే చాలామందికి తప్పిపోయింది.

అనుమతులు, సంతకాలు, కోసిన ముక్క నిల్వ చేసే ఫార్మాలిన్ సీసాల మీద పేర్లు నీకు తెలిసినవే, వాటి గురించి చెప్పను.

నేత పని చేసే ఒక కుర్రాడి సంగతి చెబుతా విను. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ, అక్కడ స్పర్శ లేదు, మోచేతి దగ్గర, చిటికెనవేలి వైపు వెళ్ళే అల్నార్ నరం తాడులా తగులుతోంది. మేం పెద్దాసుపత్రికి పంపితే, అక్కడ మచ్చ నడిమధ్య నుంచి పైపైన ఓ ముక్క తీశారు. కుష్ఠు ఆనవాళ్ళు లేవని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం చూసి ఆయింట్‌మెంట్ రాసి పంపేశారు. కొన్ని నెలలకు చిటికెనవేలూ ఉంగరం వేలూ వంకర్లు తిరిగి, పోగు ముడి వేయలేని చేత్తో మళ్ళీ వచ్చాడు. ఈసారి మచ్చ అంచు నుంచి, కింద కొవ్వు దాకా తీస్తే నరం చుట్టూ గ్రాన్యులోమా, అంటే జబ్బుతో పోరాడే కణాల గుంపు, కనిపించింది. ఎండీటీ, అంటే కుష్ఠుకిచ్చే రెండుమూడు మందుల కలయిక, ఇచ్చారు, జబ్బు ఆగింది, వేళ్ళు మాత్రం తిన్నగా కాలేదు. ఇప్పటికీ ఎవరైనా 'రిపోర్టు నెగటివ్' అంటే నా గుండె గుభేలుమంటుంది.

అందుకే స్పర్శ లేని మచ్చో, స్పర్శ తగ్గి లావెక్కిన నరమో స్పష్టంగా ఉంటే, రిపోర్టు కోసం మందు ఆపకు. నీ గైడ్ కసిరినా సరే.

1966లో రిడ్లీ, జాప్లింగ్ చేసిన కుష్ఠు రకాల విభజనే నువ్వూ వాడతావు. క్రిములు దాదాపు కనిపించని టీటీ ఒక కొస, క్రిములు విపరీతంగా ఉండే ఎల్ఎల్ ఇంకో కొస; ఆ కొసల దగ్గర డాక్టరు మాటా బయాప్సీ మాటా చాలావరకు కలుస్తాయి. పేచీ అంతా మధ్య రకాల్లో, ఇంకా ఏ రకమో తేలని ఇండిటర్మినేట్‌లో. మధ్య రకాల్లో ఒకే ఒంటి మీద రెండు మచ్చలు రెండు రకాలుగా ఉండొచ్చు, నువ్వు కోసిన ముక్క ఒక్క మచ్చ గురించే చెబుతుంది. కలవని చోట ఎవరిది తప్పని వెతక్కుండా ఏ మచ్చ, ఏ అంచు, ఎన్నాళ్ళది అని రాసుకో. పాథాలజీ వాళ్ళకు ఆ వివరాలన్నీ ఇవ్వు, నువ్వనుకున్న రకం మాత్రం చెప్పకు. ముక్కలో కుష్ఠు క్రిములు కనబడేలా వేసే రంగు, ఫైట్ స్టెయిన్, అడగడం మర్చిపోవద్దు. ఎల్ఎల్‌లో మొదట్లో స్పర్శ బాగానే ఉంటుంది, చెవి తమ్మె గీరి క్రిముల కోసం చూసే స్మియర్ తీయకుండా ఆ రోగులను వదలకు.

నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ. కళ్ళు మూయించి దూది కొసతో తాకి 'తెలుస్తోందా' అని అడక్కు, మొహమాటానికి అవునంటారు. తాకిన చోట వేలు పెట్టి చూపించమను. వార్డులో పదిమంది వినేలా జబ్బు పేరు పలక్కు తల్లీ, 'పెద్దరోగం' అన్న ఒక్క మాటతో పెళ్ళిళ్ళు ఆగిపోవడం చూశాను.

వేళకు తిను. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ప్రొఫార్మా పట్టుకురా, నరాల పరీక్ష పేజీ మనిద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న