కావలిలో ఉంటాను, మా చర్చి బృందంలో వాయించడానికి మొదటిసారి బేసు గిటారు సొంతంగా చేసుకోవచ్చా? టేకు పనికొస్తుందా? ఖర్చు కలిసొస్తుందా?

చేసుకోవచ్చు. టేకూ పనికొస్తుంది. ఖర్చు మాత్రం కలిసిరాదు. ట్యూనర్లు (తీగలు బిగించే బిరడలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ముక్క), పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం), తీగలు, మెట్ల (ఫ్రెట్ల) వైరు, నెక్ (మెట్లు ఉండే పొడవాటి మెడ) లోపల పెట్టే ఉక్కు కడ్డీ అన్నీ విడివిడిగా కొనేసరికి, చర్చి బృందంలో వాయించడానికి సరిపోయే ఫ్యాక్టరీ బేసు ధర దాటిపోతుంది. కేవలం డబ్బు మిగుల్చుకోవడానికే అయితే కొనుక్కోవడం మేలు. చెక్క పని మీద మనసుంటే మిగతాది చదవండి. నేను ఒంగోలులో ఉంటాను, సెలవు రోజుల్లో గిటార్లు, బేసులు చేయడం నా అలవాటు.

అందరూ మొదట ఏ చెక్క అని అడుగుతారు. నన్నడిగితే చివర తేల్చుకోవలసిన సంగతి అది. వీణకు కుండ కావాలి, మామూలు గిటారుకు డొల్ల పెట్టె కావాలి. ఎలక్ట్రిక్ వాద్యానికి అవేవీ అక్కర్లేదు. ఉక్కు తీగ పికప్‌లోని అయస్కాంతం పైన కంపిస్తే, దాని చుట్టూ చుట్టిన రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరుకు చేరేది అదే. 1940 ప్రాంతంలో అమెరికా గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలు బిగించి వాయించాడు. చూసేవాళ్లకు గిటారులా కనిపించాలని రెండు పక్కలా డొల్ల రెక్కలు అతికించాడంతే. ఏ చెక్కకు ఏ నాదం అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యాంప్లిఫయరు గుండా విన్నప్పుడు నాకు ఆ తేడా అందలేదు. నేను బాడీ చెక్కలో చూసేవి మూడే: వంకర తిరగకూడదు, మరను గట్టిగా పట్టాలి, భుజం లాగేంత బరువు ఉండకూడదు.

మొదటి రెంటిలో టేకుకు వంక పెట్టలేం. 45 మిల్లీమీటర్ల మందాన బేసు బాడీ కోస్తే మూడు కిలోల దరిదాపుల్లో తూగుతుంది, అదీ భరించదగ్గదే. అడితిలో కొత్త చెక్క కొనేకన్నా, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు, దూలాలు వెతకండి. ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి కాబట్టి ఇక వంగేది పెద్దగా ఉండదు. లోపల మేకులు దాగి ఉంటాయి, రంపం పెట్టే ముందు అయస్కాంతంతో తడిమి చూసుకోండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. జిగురు పూసే ముందు అతికే ముఖాలను థిన్నరుతో తుడవకపోతే అతుకు నిలవదు. పనస దొరికితే వదలకండి, బొబ్బిలి వీణలకు వాడేది అదే. మన వైపు పొలాల్లో విరివిగా పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు కాగితం మిల్లులకు పంపడానికి బాగుంటాయి గానీ లేత వయసులోనే కొట్టేస్తారు, ఆరేటప్పుడు మెలి తిరుగుతాయి, పగులుతాయి. ఇక ఎర్రచందనం. వెలికొండల్లో పెరుగుతుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అనుమతి పత్రాలు లేని ముక్కను ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది. పైగా అది నీళ్లలో మునిగేంత బరువు, మెడలో వేసుకుని ఆరాధన పూర్తయ్యేదాకా నిలబడలేరు.

అసలు పరీక్ష నెక్ దగ్గర. వీణకు మెట్లను మైనంలో నిలుపుతారు. మేళం కట్టేవారు చెవితో వింటూ వాటిని జరుపుకోగలరు. గిటారు మెట్టును సన్నని గాడి కోసి సుత్తితో దిగగొడతాం. ఆ తర్వాత జరపడమన్నది లేదు. అందుకే గాడి ఎక్కడ పడాలో ముందే లెక్క కట్టాలి. బేసుకు నట్టు (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా సాధారణంగా 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 48.49 వస్తుంది, మొదటి మెట్టు అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండో మెట్టు, నట్టు నుంచి 94.26. అలా వెళితే 12వ మెట్టు సరిగ్గా సగంలో, 432 దగ్గర పడాలి. పడకపోతే లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. గుర్తులు పెట్టేటప్పుడు ప్రతి మెట్టునూ నట్టు నుంచే కొలవండి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలన్నీ కూడి పైమెట్ల దగ్గర పోగవుతాయి. 12వ మెట్టు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే శ్రుతి అర స్వరంలో పాతికో వంతు మారుతుంది. 20వ మెట్టు దగ్గర అదే మిల్లీమీటరు పదహారో వంతు అవుతుంది.

మీకు తెలిసిన వడ్రంగి ఆచారి గారు ఉంటే బాడీ కోత, చిత్రిక పట్టడం నిశ్చింతగా ఆయనకు అప్పగించవచ్చు. మనం వారం తంటాలు పడే పని ఆయన ఒక పూటలో చేస్తారు. గాళ్ల పని మాత్రం అప్పగించకండి. తలుపులు, కిటికీల పనిలో లెక్క నూళ్లలో సాగుతుంది. ఒక నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు పైనే. ఇక్కడ కావలసింది అర మిల్లీమీటరు. రంపం కూడా వేరే తెప్పించుకోవాలి. మెట్టు అడుగు భాగం మందం అర మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది, మామూలు రంపం కోసిన గాడిలో అది నిలవదు.

నాలుగు తీగలు శ్రుతి చేశాక నెక్ మీద పడే లాగుడు సుమారు 75 కిలోలు. లోపల ఉక్కు కడ్డీ లేకుండా ఏ చెక్కా దాన్ని ఎల్లకాలం ఆపలేదు. ఒకే ముక్కకు బదులు మూడు బద్దలను, మధ్యదాని రేఖలు ఎదురు వచ్చేలా తిప్పి అతికిస్తే నెక్ మెలి తిరగదు. మెట్లన్నీ ఒకే మట్టానికి తేవడానికి చాలామంది ఖరీదైన పనిముట్లు చెబుతారు. మా ప్రకాశం జిల్లాలో చీమకుర్తి ఉండగా ఆ బాధ ఎందుకు? పాలిష్ చేసిన గ్రానైట్ తుంపు ముక్క ఒకటి తెచ్చుకుని, ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు పెట్టి చూడండి. కింద నుంచి వెలుగు రాకపోతే దాని మీద ఉప్పు కాగితం అతికించి వాడుకోండి. నా దగ్గరున్నది అక్కడి బ్లాక్ గెలాక్సీ రకం. అమెరికా నుంచి తెప్పించే ఉక్కు పట్టీలు నాకు అవసరపడలేదు.

పికప్ మొదటిసారి కొనేయండి. మోటారు వైండింగ్ షాపులో చుట్టించవచ్చా అని అడుగుతుంటారు. అక్కడ వాడే తీగ చాలా లావు. పికప్‌కు అమెరికన్ కొలతలో 42 గేజి కావాలి, తల వెంట్రుక మందం ఉంటుంది, వేల చుట్లు తిప్పాలి, కాస్త గట్టిగా లాగితే తెగుతుంది. బాడీలో వైర్లు ఉండే గుంటకు రాగి రేకు అతికించి, బ్రిడ్జిని కూడా ఎర్తుకు కలపండి. అంతా చేసినా గుయ్‌మంటుంటే గిటారును అనుమానించే ముందు గోడ ప్లగ్గు చూడండి. చాలా ఇళ్లలో మూడో రంధ్రానికి వైరే ఉండదు.

పాలిష్ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టుకోకండి. గాలిలో తేమకు లక్క తెల్లగా పాలిపోతుంది. సంక్రాంతి దాటాక వేయండి.

మీది మొదటి ప్రయత్నం కాబట్టి నా సలహా, నెక్ తయారుగా ఉన్నది కొని బాడీ మాత్రం చేసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఫెండర్ గిటార్ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, ఆయనకు గిటారు వాయించడం రాదు. 1950లో అమ్మకానికి తెచ్చిన గిటారుకు, 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేసుకు నెక్‌ను నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పి మార్చుకోవచ్చని. ఆ పద్ధతి మీకు అలాగే పనికొస్తుంది. అయితే సామాన్లన్నీ చేతికి వచ్చేదాకా బాడీకి ఉలి తగిలించకండి. నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) వెడల్పు ఒక్కో తయారీకి ఒక్కో రకంగా ఉంటుంది. అది కూర్చునే గాడి కొలత బొమ్మలోంచి కాదు, మీ చేతిలో ఉన్న నెక్ నుంచి తీసుకోవాలి. బ్రిడ్జి చోటు ఆ తర్వాతే నిర్ణయించండి, నట్టు నుంచి 12వ మెట్టుకు ఎంతుందో అక్కడి నుంచి మళ్లీ అంతే.