కేసీఎన్‌ఈ1 జన్యువులో లోపం ఉందన్నారు. మేనరికమే కారణమా?

(ప్రశ్న: రాయగడలో ఉంటాం. మా అక్కది మేనరికం. పాపకి ఏడేళ్లు, పుట్టుచెవుడు, ఉలిక్కిపడితే పడిపోతుంది. ఇది మేనరికం వల్లేనా?)

మేనరికం అవకాశం పెంచుతుంది, అంతే. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఈ జన్యువు కాపీల్లో చెరొకటి లోపంతో ఉండి, ఆ రెండూ పాపకే వచ్చాయి. ఇకపై ప్రతి కాన్పుకీ బిడ్డకి ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మీ అక్కని నిందించకండి.

ఈ జన్యువు తయారుచేసేది 129 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. కణంలోంచి పొటాషియం బయటికెళ్లే దారి కేసీఎన్‌క్యూ1 అనే ఇంకో ప్రోటీన్‌ది. ఇది పక్కన చేరి ఆ ప్రవాహాన్ని పెంచుతుంది. ఇవి జతకడతాయని 1996లో తేలింది. ప్రతి స్పందన తర్వాత గుండె మళ్లీ సిద్ధమవడానికీ, లోపలి చెవి ద్రవంలోకి పొటాషియం చేరడానికీ ఈ జతే కావాలి. గుండె సిద్ధమవడం ఆలస్యమైతే లయ తప్పి బిడ్డ పడిపోతుంది. అందుకే చెవుడూ, పడిపోవడమూ ఒకే బిడ్డలో.

అసలు సంగతి ఈసీజీ. గుండె స్పందించి మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే సమయాన్ని (క్యూటీ అంటారు) అందులోనే కొలుస్తారు. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడిస్తే చిన్న గడి 40 మిల్లీసెకన్లు. రెండో లీడ్ అనే గీతలో క్యూ అల మొదలు నుంచి టీ అల చివరిదాకా 12 గడులుంటే క్యూటీ 480 మిల్లీసెకన్లు. పక్కపక్క స్పందనల్లోని రెండు ఆర్ శిఖరాల మధ్య 20 గడులంటే 0.8 సెకను, దాని వర్గమూలం 0.894. 480ని దానితో భాగిస్తే 537, ఇది గుండె వేగాన్ని బట్టి సరిచేసిన క్యూటీ. 500 దాటితే ప్రమాదం బాగా ఎక్కువ. మెషీన్ అచ్చేసిన అంకెని నమ్మి ఊరుకోవద్దు. టీ అల చదునుగా ఉంటే దాని చివర ఎక్కడో అది పోల్చుకోలేదు. పుట్టుచెవుడున్న ప్రతి బిడ్డకీ ఒక్క ఈసీజీ తీస్తే, ఇది చాలావరకు బయటపడిపోతుంది. అది తీయకుండానే ఏళ్లతరబడి ఫిట్స్ మాత్రలు మింగిస్తారు, దిష్టి తీయిస్తారు. ఇది దారుణం.

మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే అజిత్రోమైసిన్, డాంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ పాపకి వద్దు. మన వైపు మలేరియా మామూలే. క్లోరోక్విన్, క్వినైన్ కూడా క్యూటీని సాగదీస్తాయి. వైద్యం మానకూడదు, ముందే డాక్టర్‌కి చెప్పి ఈసీజీ చూస్తూ వాడాలి. విరేచనాలైతే వెంటనే ఓఆర్ఎస్ పట్టండి, పొటాషియం పడిపోకూడదు. గుండె లయ తప్పకుండా కాపాడే ప్రోప్రనలాల్ మాత్ర రాస్తే ఒక్క పూట కూడా తప్పకూడదు. హఠాత్తుగా ఆపితే మరీ ప్రమాదం. అది ఒక్కటే చాలక కొందరికి ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం పెడతారు. కాబట్టి విశాఖో బరంపురమో వెళ్లి గుండె డాక్టర్‌కి చూపించండి. తల్లిదండ్రులకీ తోబుట్టువులకీ ఈసీజీ తీయించండి.

పడిపోయినప్పుడు చేతిలో తాళాలు పెట్టకండి. పిలిస్తే పలక్క, ఊపిరి కూడా ఆడకపోతే ఛాతీ నడిమధ్య 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. పక్కనున్న వాళ్లు 108కి ఫోన్ చెయ్యాలి.