క్షణాన్ని బరువుతో భాగించవచ్చా?

ప్రశ్న: యుద్ధవిమానాల మెయింటెనెన్స్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘వెయిట్ అండ్ బ్యాలెన్స్’ అన్నదాన్ని ‘బరువు మరియు సమతుల్యత’ అన్నాను. ‘మొత్తం క్షణాన్ని మొత్తం బరువుతో భాగిస్తే గురుత్వకేంద్రం వస్తుంది’ అని కూడా రాశాను. వైమానికదళంలో పనిచేసి వచ్చిన మా బావ అది చదివి ఒకటే నవ్వు. ఎక్కడ తప్పాను? గరిమనాభి అనాలా, గురుత్వకేంద్రం అనాలా?

సమాధానం: మీ బావగారు నవ్వడంలో తప్పులేదు. ఇంగ్లిషు ‘మూమెంట్’కు క్షణమనీ అర్థముంది, తిప్పే గుణమనీ అర్థముంది. ఇక్కడిది రెండోది. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు దాన్ని భ్రామకం అంటాయి; భ్రమణంలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. బరువును దూరంతో గుణిస్తే భ్రామకం. ఆ దూరానికే ఇంగ్లిషులో ‘ఆర్మ్’ అని పేరు. యుద్ధవిమానం కదా అని దాన్ని ఆయుధం చేశారో, వ్యాసం మొత్తం పోతుంది. ‘దూరం’ చాలు.

దూరం ఎక్కణ్ణుంచి? ‘డేటమ్’ నుంచి. దీన్ని మూలరేఖ అనండి. విమానం మీద గీసిన గీత కాదిది, తయారీదారు లెక్క కోసం ఊహించి పెట్టుకున్నది. చాలా విమానాలకు అది ముక్కుకు ముందు, ఉత్త గాల్లో ఉంటుంది. అలాగైతే దూరాలన్నీ ధనసంఖ్యలే అవుతాయి, కూడికలో మైనస్ గుర్తు జారిపోయే భయం ఉండదు.

ఊహాసంఖ్యలతో ఒక లెక్క చూడండి. ముక్కు చక్రం మూలరేఖకు 3 మీటర్ల దూరంలో ఉంది, దాని కింద కాటా 1,000 కిలోలు చూపింది. ప్రధాన చక్రాలు రెండూ 8 మీటర్ల దూరంలో ఉన్నాయి, వాటి కింద కలిపి 9,000 కిలోలు. భ్రామకాలు 3,000, 72,000, మొత్తం 75,000. దాన్ని 10,000తో భాగిస్తే 7.5 మీటర్లు. విమానం బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, అంటే గరిమనాభి, అక్కడుంది. ఇప్పుడు ముక్కులో 1.5 మీటర్ల దూరాన ఉన్న 100 కిలోల రాడార్ తీసేశారనుకోండి. భ్రామకం 74,850, బరువు 9,900. భాగిస్తే 7.56. నూటికి ఒక వంతు బరువు తగ్గితే గరిమనాభి 6 సెంటీమీటర్లు తోకవైపు జరిగింది. అందుకే రాడార్ తీసిన చోట ఊరికే వదలరు, బదులు బరువు బిగిస్తారు. బ్రిటన్‌లో 1984లో టోర్నడో ఎఫ్2 విమానాలు వచ్చేనాటికి వాటి ఫాక్స్‌హంటర్ రాడార్లు సిద్ధం కాలేదు. ముక్కులో కాంక్రీటు పెట్టి ఎగిరారు. అక్కడి రాడార్లకు ‘బ్లూ ఫాక్స్’ లాంటి రంగుల పేర్లుండేవి కనుక, ఆ కాంక్రీటు దిమ్మకు ‘బ్లూ సర్కిల్’ అని పేరు పెట్టేశారు. బ్లూ సర్కిల్ అక్కడి సిమెంటు బ్రాండు! వెటకారానికి భాషాభేదం లేదు.

ఇక ‘సమతుల్యత’. తులలో, అంటే తక్కెడలో, పెడితే సరిపోయేది తుల్యం. దాని ముందు మళ్లీ ‘సమ’ ఎందుకనే చర్చ వాడుకలో ఎప్పుడో సమసిపోయింది, నేనూ దాని జోలికి పోను. నా అభ్యంతరం అర్థం దగ్గర. సమతుల్యత అనగానే చదివేవాడికి కావడి గుర్తొస్తుంది, రెండువైపులా సమానం. విమానం కావడి కాదు, ఎడ్లబండి. బండిలో సరుకు మరీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచి మెడతాళ్లు బిగుసుకుంటాయి. బండివాడు చూసేది సమానత్వం కాదు, మొగ్గు. విమానంలోనూ అంతే. గరిమనాభి ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఉండవచ్చునని ముందు హద్దు, వెనక హద్దు ఉంటాయి. ముందు హద్దు దాటితే ముక్కు లేవదు, రన్‌వే చాలదు. వెనక హద్దు దాటితే ముక్కు దానంతటదే పైకి పోతుంది, స్టాల్ అయితే, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోతే, తేరుకోవడం కష్టం. తేజస్‌ను కావాలనే అస్థిరంగా మలిచారు, కంప్యూటర్లు అనుక్షణం సర్దుతుంటాయి. దాన్ని ‘సమతుల్యం’ అంటే అది రూపొందించినవాళ్లే ఒప్పుకోరు. అందుకే నా ఓటు ‘బరువు, మొగ్గు’కు. కూరగాయల దగ్గర ‘కాస్త మొగ్గుగా తూచు’ అనే మాటే ఇది. ‘నోజ్ హెవీ’ని ‘ముక్కుబరువు’ అనవచ్చు కానీ జలుబు చేసినట్టుంటుంది. ‘ముందుమొగ్గు’, ‘వెనకమొగ్గు’ మేలు.

అమెరికా ఏ-10 విమానం ముందుభాగంలో ఉండే ఫిరంగి వ్యవస్థ, నిండు గుండ్లతో కలిపి సుమారు 1,800 కిలోలు. ఫిరంగిని దించే ముందు తోక కింద జాకీ పెట్టాలి, లేకపోతే ముక్కు గాల్లోకి లేస్తుంది. కాల్చిన గుండ్ల ఖాళీ తొడుగులను కూడా బయటికి విసరకుండా డ్రమ్ములోకే తీసుకుంటుంది కనుక, కాల్చాక కూడా మొగ్గు మరీ మారిపోదు.

గరిమనాభి, గురుత్వకేంద్రం రెండూ ఒప్పే. నాభి అంటే చక్రపు కుండ కూడా. చుట్టూ అంతా తిరిగేది దాని మీదే కనుక గరిమనాభి నాకు ఇష్టం. పాఠ్యపుస్తకాల్లోనూ ఎప్పటినుంచో ఉంది. హ్యాంగర్‌లో అనేది మాత్రం ‘సీజీ’, ‘సెంటర్ ఆఫ్ గ్రావిటీ’కి పొట్టిపేరు. వ్యాసంలో మొదటిసారి గరిమనాభి అని చెప్పి, తరువాత సీజీ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మీరు అడగనివి రెండు. తూచడం వేరు, తూగడం వేరు. విమానాన్ని మనం తూచుతాం, అది పది టన్నులు తూగుతుంది. తూచేటప్పుడు హ్యాంగర్ తలుపులు మూసి ఉంచుతారు, ఫ్యాన్లు ఆపుతారు. రెక్కలకు కాస్త గాలి తగిలినా కాటా తక్కువ చూపుతుంది. కడిగిన విమానమైతే ఆరాలి. మరిచిపోయిన పనిముట్ల పెట్టె ఉంటే దాని బరువూ రికార్డుకెక్కి కూర్చుంటుంది. రెండోది, ‘బేసిక్ వెయిట్’ను ‘ఖాళీ బరువు’ అనకండి. ట్యాంకు అడుగున మిగిలి, తీయడానికి వీల్లేని ఇంధనం, ఇంజిన్ ఆయిల్ అందులో కలిసే ఉంటాయి. ‘మూలబరువు’ అనండి.

‘మరియు’ను కొట్టేయండి. మీ వాక్యం ఇలా ఉంటే మీ బావగారు నవ్వరు: ‘ఒక్కొక్క బరువునూ మూలరేఖ నుంచి దాని దూరంతో గుణించి, వచ్చిన భ్రామకాలన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.’